టోర్నడో వార్నింగ్ వస్తే ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలి? డల్లాస్ తెలుగు ఇళ్ళకు ముందు జాగ్రత్తలు

నమస్తే అండీ. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, ఇలా డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మన ఇళ్ళ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఇక్కడ బేస్‌మెంట్ దాదాపు ఏ ఇంటికీ ఉండదు. అందుకే టోర్నడో వస్తే ఏ గదిలో తలదాచుకోవాలో ఈరోజే తేల్చుకోవాలి. వార్నింగ్ వచ్చాక చేతిలో ఉండేది చాలాసార్లు పది పదిహేను నిమిషాలే, ఒక్కోసారి అదీ ఉండదు.

ఏప్రిల్, మే దాటితే గండం గడిచినట్టే అనుకోకండి. 2015లో గార్లండ్, రౌలెట్‌ల మీద టోర్నడో పడింది డిసెంబర్ 26న. 10 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది రోడ్డు మీద వాహనాల్లో ఉన్నవాళ్ళే. 2019లో ఉత్తర డల్లాస్‌లో వచ్చింది అక్టోబర్ 20 రాత్రి.

వాచ్ అన్నారంటే వాతావరణం టోర్నడోకు అనుకూలంగా ఉందని. వార్నింగ్ అన్నారంటే రాడార్‌లో సుడి కనపడింది, లేదా ఎవరో కళ్ళారా చూశారు. వాచ్ రాగానే ఫోన్లు ఛార్జింగ్ పెట్టి, మేడ మీద పిల్లల్ని కిందికి దింపి, అందరూ బూట్లు వేసుకోండి. వార్నింగ్ వస్తే ఇక బయటికెళ్ళి ఆకాశం చూడొద్దు, నేరుగా గదిలోకే.

ఆ గది కింది అంతస్తులో, ఇంటి నడిమధ్యన, కిటికీ లేకుండా, వీలైనంత చిన్నదిగా ఉండాలి. గోడలు దగ్గరదగ్గరగా ఉంటే పైకప్పు పోయినా అవి నిలబడే అవకాశం ఎక్కువ. రెండంతస్తుల ఎత్తు లివింగ్ రూం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ పూట అక్కడ ఉండకూడదు. ఇంకో సంగతి: ఇక్కడ చాలా ఇళ్ళలో వాటర్ హీటర్ అటకమీదే ఉంటుంది. 50 గ్యాలన్ల ట్యాంకులో నీళ్ళ బరువే 190 కిలోలు. మీరు ఎంచుకున్న గది సరిగ్గా దాని కింద లేకుండా చూసుకోండి.

చాలామందికి సరిపోయేది మెట్ల కింద క్లోజెట్. కానీ తలుపు తెరిస్తే ఏముంటుంది? ఇండియా సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, పై అరలో పాత కుక్కరు, గాజు సీసాల్లో ఆవకాయ. ఈ శనివారం అవన్నీ తీసేయండి. తర్వాత ఇంటిల్లిపాదీ లోపల కూర్చుని తలుపు మూసి చూడండి. పట్టకపోతే రెండో గది ఎంచుకోండి. అక్కడ టార్చి, మంచినీళ్ళు, ఈల, బొంతలు, మనిషికో హెల్మెట్ ఉంచండి. సైకిల్‌దైనా, క్రికెట్‌దైనా పర్వాలేదు. టోర్నడోలో ఎక్కువగా దెబ్బలు తగిలేది ఎగిరొచ్చే వస్తువుల వల్లే, తల కాపాడుకోవడం ముఖ్యం. పాస్‌పోర్టులు, ఇమ్మిగ్రేషన్ ఆమోదం తెలిపే ఐ-797 కాగితాలు జిప్ కవర్లో అక్కడే పెట్టండి.

ఒత్తిడి సమానమవుతుందని కిటికీలు తెరిచే అలవాటు కొందరికి ఇంకా ఉంది. దయచేసి తెరవకండి. గాలి లోపలికి దూరితే కప్పును కిందనుంచి ఎత్తేస్తుంది. రెండు కార్ల గరాజ్ తలుపు విరిగితే జరిగేదీ అదే. లోపలి తలుపులు కూడా మూసేయండి.

ఇక అమ్మానాన్నల సంగతి. మనం ఆఫీసులో, పిల్లలు బడిలో ఉంటే ఇంట్లో వాళ్ళిద్దరే. ఇక్కడి సిమ్ లేకుండా వైఫై మీదే నడిచే ఫోన్‌కు ప్రభుత్వ ఎమర్జెన్సీ అలర్ట్ రాకపోవచ్చు. వచ్చినా తెలుగులో ఉండదు. సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి, ఏసీ నడుస్తుంటే లోపలికి వినపడకపోవచ్చు. అందుకని బ్యాటరీతో కూడా పనిచేసే వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరిక రాగానే దానంతటదే మోగే రేడియో) ఒకటి కొనండి. అందులో మీ కౌంటీ కోడ్ పెట్టాలి: కాలిన్‌కు 048085, డెంటన్‌కు 048121, డల్లాస్‌కు 048113. పెట్టకపోతే దూరపు కౌంటీలకు కూడా మోగి మోగి, విసుగొచ్చి ప్లగ్గు పీకేస్తారు. "ఇది మోగితే నాన్నను తీసుకుని మెట్ల కిందికి వెళ్ళమ్మా, నా ఫోన్ కోసం ఆగొద్దు" అని చెప్పి, ఒకసారి చేయించి చూడండి.

గరాజ్‌లో స్టీలు సేఫ్ రూం పెట్టించాలనుకునేవాళ్ళు తుఫాను షెల్టర్లకు ఉన్న ఐసీసీ 500 ప్రమాణానికి, తలుపుతో సహా, పరీక్షించినదే అడగండి. ముందు గరాజ్ నేల చూడండి. పోస్ట్-టెన్షన్ స్లాబ్, కోయొద్దు అని ముద్ర ఉండొచ్చు. అంటే కాంక్రీటులో బిగించి లాగిన ఉక్కు కేబుళ్ళు ఉన్నాయి. బోల్టుకు రంధ్రం చేసేటప్పుడు కేబుల్ తెగితే మనిషికీ ప్రమాదం, స్లాబూ దెబ్బతింటుంది. కేబుళ్ళు ఎక్కడున్నాయో స్కాన్ చేశాకే డ్రిల్లింగ్ చేయించండి.

దారిలో ఉంటే ఫ్లైఓవర్ కింద ఆగకండి, అక్కడ గాలి ఇంకా జోరందుకుంటుంది. దగ్గర్లో ఉన్న గట్టి భవనంలోకి వెళ్ళిపోండి.

గాలి ఆగాక గ్యాస్ వాసన వచ్చినా, బుస్సుమన్నా, లైటు స్విచ్చి ముట్టుకోకుండా బయటికి వచ్చి, దూరంగా వెళ్ళాకే 911కు ఫోన్ చేయండి. జనరేటర్ గరాజ్‌లో నడపొద్దు, తలుపు తీసి ఉంచినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు కాకుండా పెట్టండి.