క్రాకెన్: కాళ్ల కింద నేల తీసేస్తే పని ఎక్కడ పెరిగింది?

అందరికీ నమస్కారం.

ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలోని సీవరల్డ్ పార్కులో క్రాకెన్ అనే రోలర్ కోస్టర్ ఉంది. 2000 జూన్ 1న తెరిచారు. క్రాకెన్ అంటే నార్వే నావికుల కథల్లో ఓడల్ని ముంచేసే సముద్రపు భూతం. సముద్ర జీవుల పార్కు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఎత్తు సుమారు 47 మీటర్లు, మొదటి దిగుడు 44 మీటర్లు, ట్రాక్ పొడవు 1273 మీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 105 కిలోమీటర్లు. దారిలో మనిషి ఏడుసార్లు తలకిందులవుతాడు. కానీ ఈ రైడ్ ప్రత్యేకత ఈ అంకెల్లో లేదు. సీట్లో కూర్చున్నవాళ్ల పాదాల కింద ఏమీ ఉండదు. కాళ్లు గాల్లో వేలాడుతుంటే, కొద్ది దూరంలోనే ట్రాక్ పరుగెడుతుంటుంది.

స్విట్జర్లాండ్‌లోని మోంతే ఊళ్లో ఉన్న బొలిగర్ అండ్ మబియార్ కంపెనీ దీన్ని తయారుచేసింది. ఈ రకంలో మొదటిది 1999లో న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో వచ్చిన మెడూసా. చాలామంది అనుకునేదేమిటంటే, నేల లేకపోతే ట్రాక్ కూడా ప్రత్యేకంగా కట్టాలని. అది నిజం కాదు. ఒహాయోలోని సీడర్ పాయింట్ పార్కులో మాంటిస్ అని నిలబడి వెళ్లే కోస్టర్ ఉండేది. 2015లో ట్రాక్‌ను అలాగే ఉంచి, ట్రెయిన్లు మార్చి, దాన్ని రూగరూ అనే నేల లేని కోస్టర్‌గా మార్చేశారు. నేల తీసేసినందుకు అసలు కష్టం ట్రాక్ మీద రాలేదు, స్టేషన్లో వచ్చింది. అందుకే ఈ రోజు ఎక్కువసేపు స్టేషన్ గురించే మాట్లాడతాను.

మామూలు కోస్టర్లో బండికి సొంత నేల ఉంటుంది. ప్లాట్‌ఫారం మీంచి అడుగేసి బండిలో దిగుతాం, అంతే. ఇక్కడ బండి అంటే చక్రాల మీద ఒక చట్రం, దాని మీద ఎత్తుగా నలుగురికి నాలుగు సీట్లు. అలాంటివి ఎనిమిది వరుసలు, మొత్తం 32 మంది. సీటు ముందు అడుగు పెడదామంటే కింద గొయ్యి. కాబట్టి బండి ఆగాక గొయ్యిని కప్పేలా ఉక్కు పలకల నేల పైకి రావాలి. మొదటి వరుస ముందు కూడా ఖాళీయే కనుక, అక్కడ ఎవరూ పొరపాటున ముందుకు అడుగేయకుండా ఒక గేటు మూసుకోవాలి.

క్రమం చూడండి. ట్రెయిన్ సరిగ్గా తన చోట ఆగిందని సెన్సర్లు చెప్పాలి. నేల పూర్తిగా పైకి వచ్చి గట్టిగా కూర్చోవాలి. గేటు మూసుకుని ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే మనిషిని సీటుకు పట్టి ఉంచే, భుజాల మీది హార్నెస్‌లు విడుదలవుతాయి. నేల రాకముందే హార్నెస్ లేస్తే మనిషి గోతిలోకి అడుగేస్తాడు కదా! బయలుదేరేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. హార్నెస్ దించుకుంటారు, దాని కొసను సీటుకు కలిపే బెల్టు పెట్టుకుంటారు. సిబ్బంది ఒక్కో సీటు దగ్గరికి వచ్చి హార్నెస్‌ను చేత్తో లాగి చూస్తారు. అంతా సరేనని వేర్వేరు చోట్ల ఉన్నవాళ్లు బటన్లు నొక్కాక నేల దిగిపోతుంది, గేటు తెరుచుకుంటుంది. నేల పూర్తిగా దిగిందని, గేటు పూర్తిగా తెరుచుకుందని కంప్యూటర్‌కు తెలిసేదాకా బండి కదలదు.

ఇక్కడే చిక్కు. కదిలే ప్రతి పలకకూ దాని స్థానం చెప్పే సెన్సర్ కావాలి. సెన్సర్ బిగింపు కొంచెం జరిగినా, మీద నీరో మట్టో పేరుకున్నా, పలక కింద ఎవరి టోపీయో ఇరుక్కున్నా "నేల పూర్తిగా దిగలేదు" అనే కబురే వెళ్తుంది. రైడ్ ఆగుతుంది. క్యూలో ఉన్నవాళ్లకు అది పాడైనట్టు కనిపిస్తుంది. నిజానికి అది చేయాల్సిన పని చేసింది. అనుమానం వస్తే ఆగడమే దాని ధర్మం.

ఇక ట్రాక్ మీదికి వెళ్దాం. గొలుసు బండిని పైకి లాగుతుంది. ఆపైన మోటారు లేదు, గురుత్వాకర్షణే లాక్కెళ్లాలి. 44 మీటర్లు ఏ రాపిడీ లేకుండా పడితే సెకనుకు 29.4 మీటర్ల వేగం వస్తుంది, అంటే గంటకు దాదాపు 106 కిలోమీటర్లు. గాలి, చక్రాల రాపిడి కొంత తింటాయి, శిఖరం దగ్గర ముందే ఉన్న వేగం కొంత కలుస్తుంది. ప్రకటించిన 105తో లెక్క సరిపోయింది.

లూప్, అంటే బండి నిలువుగా పైకెక్కి తలకిందులై తిరిగి దిగే చుట్టు, గుండ్రంగా ఎందుకు ఉండదో చెప్పాలి. నీళ్లున్న చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పితే నీరు పడదు. కానీ చెంబు కిందికి వచ్చినప్పుడు చెయ్యి లాగేసినట్టుంటుంది, గమనించారా? లూప్‌ను నిండు వలయంగా కడితే, పైన మనిషి బరువు సున్నా అయ్యేంత వేగమే ఉన్నా, కింద అతని మీద 6 జీ, అంటే తన బరువుకు ఆరు రెట్లు, పడుతుంది. వలయం చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు, లెక్క ఆరే. అది మెడకూ నడుముకూ మంచిది కాదు. అందుకే లూప్‌ను నీటిబొట్టు ఆకారంలో కడతారు. కింద వంపు విశాలంగా, పైన బిగువుగా. క్రాకెన్‌లో గరిష్ఠంగా 3.9 జీ. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 234 కిలోలున్నట్టు సీటుకు అతుక్కుపోతాడు. నిలువు లూప్, మెలితిరిగి కిందికి దూకే డైవ్ లూప్, గాల్లో తేలినట్టుండే జీరో జీ రోల్, రెండుసార్లు తలకిందులు చేసే కోబ్రా రోల్ అయ్యాక బండి మధ్య బ్రేకుల మీదికి వస్తుంది.

ఆ మధ్య బ్రేకులు వేగం తగ్గించడానికే అనుకుంటారు. వాటి అసలు పని వేరే. ట్రాక్ మొత్తాన్ని బ్లాకులుగా విభజిస్తారు, ఒక బ్లాకులో ఒకే బండి ఉండాలి. రైల్వే సిగ్నలింగ్ పద్ధతే ఇది. మూడు ట్రెయిన్లు తిరగాలంటే కనీసం నాలుగు బ్లాకులు కావాలి. ముందున్న బ్లాకు ఖాళీ కాకపోతే మధ్య బ్రేకులు బండిని పూర్తిగా ఆపేస్తాయి. ఈ బ్రేకుల నిర్మాణంలోనే భద్రత ఉంది. స్ప్రింగ్ వాటిని మూసి ఉంచుతుంది, గాలి పీడనం తెరుస్తుంది. కరెంటు పోయినా, గొట్టం పగిలినా, బ్రేకు వదిలేయదు, పట్టేస్తుంది. ఫ్లోరిడా ఉక్కపోతలో కంప్రెసర్ గాలిలో నీరు చేరుతుంది. అది తీసేయకపోతే వాల్వులు మొరాయిస్తాయి.

2017లో క్రాకెన్ ఎక్కేవాళ్లకు కంప్యూటర్ బొమ్మల లోకం చూపించే వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు పెట్టారు. మరుసటి ఏడాదే తీసేశారు. నా దృష్టిలో తీసేయడమే సరైన పని. గంటకు 1500 మందిని పంపాలంటే 77 సెకన్లకో ట్రెయిన్ కదలాలి. కళ్లద్దాలు పెట్టడానికి, బిగించడానికి, తుడవడానికి ఒక్కో ట్రెయిన్‌కు ఒక్క నిమిషం ఎక్కువ పట్టిందనుకోండి, ఆ 1500 కాస్తా 840 అవుతుంది. స్టేషన్లో బండి ఆలస్యమైతే వెనకది చివరి బ్రేకుల మీద ఎండలో నిలబడుతుంది, దాని వెనకది మధ్య బ్రేకుల మీద. పైగా, నేల కనిపించకుండా కళ్లు మూసేస్తే నేల లేని కోస్టర్ ఎందుకు?

చక్రాల సంగతి. అల్యూమినియం మీద పాలీయురేథేన్ పూత ఉంటుంది. ట్రాక్ పైన బరువు మోసేవి, పక్కన నడిపించేవి, కిందనుంచి పట్టి ఉంచేవి అని మూడు రకాలు. ఆ కింది చక్రాలే బండిని ట్రాక్ నుంచి లేవనివ్వవు. గట్టి పూత వేగంగా దొర్లుతుంది, కానీ కుదుపెక్కువ. మెత్తని పూత సాఫీగా పోతుంది, త్వరగా వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే పూత లోహం నుంచి ఊడివస్తుంది. బండిని ఒకేచోట చాలాసేపు నిలిపితే చక్రం ఒకవైపు చదునై, మర్నాడు టకటకమని కొడుతుంది. చలి ఉదయాల్లో గ్రీజు బిగుసుకుని బండి నెమ్మదిస్తుంది కాబట్టి ఖాళీ ట్రెయిన్లను చాలాసార్లు తిప్పి, వేడెక్కాకే జనాన్ని ఎక్కిస్తారు. బోల్టు మీదుగా రంగు గీత గీసి ఉంచుతారు. గీత రెండు ముక్కలుగా జరిగితే బోల్టు కదిలినట్టే, చూడగానే తెలిసిపోతుంది.

ఫ్లోరిడా చట్టం ప్రకారం కనీసం వెయ్యి మంది పూర్తికాలపు ఉద్యోగులు, సొంత ఇన్‌స్పెక్టర్లు ఉన్న పార్కులకు రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ ఉండదు. వాళ్ల రైడ్లను వాళ్లే తనిఖీ చేసుకుంటారు. ఆ నైపుణ్యం వాళ్ల దగ్గర ఉన్న మాట నిజమే, కానీ ఆ నివేదికలు జనానికి కూడా కనిపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సెలవుల్లో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఓర్లాండో చూసేవాళ్లు మనలో చాలామంది. వాళ్లకు కొన్ని మాటలు. 137 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లల్ని ఎక్కించరు, బతిమాలి లాభం లేదు. చెప్పులు జారిపోతాయి, తాళ్లున్న బూట్లయితే గట్టిగా కట్టుకోండి. ఫోను జేబులో పెట్టుకుని ఎక్కవద్దు. 105 వేగంలో జారిన ఫోను కింద ఉన్నవాళ్లకు రాయితో సమానం. తల వెనక్కి ఆనించి ఉంచండి, లేకపోతే హార్నెస్ చెవులకు తగులుతుంది. తిరిగి వచ్చాక నేల పైకి లేచేటప్పుడు పాదాలు కాస్త ఎత్తి పట్టుకోండి. మధ్యాహ్నం పిడుగుల వాన వస్తే రైడ్ మూసేస్తారు కాబట్టి ఉదయమే వెళ్లడం మంచిది.

ఏ వరుస మంచిదని అడుగుతారు. దిగుడు బలంగా కావాలంటే చివరి వరుస. అది శిఖరం చేరేసరికి ముందున్న ఏడు వరుసలూ కిందికి లాగుతుంటాయి, సీట్లోంచి లేపేసినట్టుంటుంది. నేల లేదన్న సంగతి తెలియాలంటే మాత్రం ముందు వరుసకే క్యూ కట్టండి. మిగతా వరుసల్లో కళ్లెదుట ముందు సీటు వీపే ఉంటుంది. ఇక్కడ గేటు తెరుచుకున్న క్షణం నుంచి బొటనవేళ్ల కింద ట్రాక్ తప్ప ఇంకేమీ కనిపించదు.