నోరు లేని పిల్లలు

శ్రోతలకు నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో ఒకటే బెంగ: "మావాడు నలుగురిలో నోరు విప్పడు, ఉద్యోగం ఎవరిస్తారు?" బరంపురంలోనూ అదే మాట, పర్లాకిమిడిలోనూ అదే మాట.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనిషి స్వభావాన్ని ఐదు కోణాల్లో చూస్తారు. కలుపుగోలుతనం అందులో ఒకటి, అంతే. ఒప్పుకున్న పనిని పట్టి చేసే గుణం ఇంకొకటి. 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడి కనిపించింది ఈ రెండో గుణమే. కలుపుగోలుతనం ముఖ్యంగా అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో అక్కరకొచ్చింది.

బరంపురంలో నాకు తెలిసిన బీకాం అమ్మాయి ఒకతె ఉంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, క్లాసులో మౌనం. దసరా ముందు ఒక పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరింది. ఫాల్ కుట్టడానికి, కుచ్చులు వేయడానికి బయటికి పంపే చీరలకు తనంతట తానే ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ రంగు చీర, ఎవరిది, ఎప్పటికి ఇస్తామన్నాం, ఫోన్ నంబరు. ఒకసారి కుచ్చులు వేసే ఆవిడకు జ్వరమొచ్చింది. ఈ పిల్ల ముందురోజే పెళ్లివారికి ఫోన్ చేసింది: "అమ్మా, గుడి అంచు ఎర్రచీర రేపటికి అవదండీ, ఎల్లుండి పొద్దున ఇస్తాం. ముహూర్తం ఎప్పుడండీ?" అవతలివాళ్లు విసుక్కున్నారు. చీర మాత్రం ముహూర్తానికి అందింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షావుకారు అంతా వింటూనే ఉన్నాడు. పండగ వెళ్లాక మానెయ్యమనలేదు, సాయంత్రాలు రమ్మన్నాడు.

ఆ ఫోన్ చేసేటప్పుడు చేతులు వణికాయట. వణికినా చేసింది. నన్నడిగితే, ఉద్యోగానికి సిద్ధమవడమంటే సగం ఇదే. వేలకు వేలు పోసి పర్సనాలిటీ కోర్సుల్లో చేర్పించే తల్లిదండ్రులు కాస్త ఆగి ఆలోచించాలి.

ఇక పిల్లలూ, మీకో చిన్న పని. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే "నేను హార్డ్ వర్కర్ని" అని ఊరుకోకండి. అందరూ అదే అంటారు. మీరు మొదలుపెట్టి, మధ్యలో చిక్కొచ్చినా ముగించిన పని ఒక్కటి చెప్పండి. ఊళ్లో వినాయక చవితి చందాల లెక్కైనా సరే, చెల్లి స్కాలర్‌షిప్ ఫారమైనా సరే. ఏం చిక్కొచ్చింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది. ముందు తెలుగులో చెప్పుకోండి, తర్వాత ఒడియాలో, ఆపైన ఇంగ్లీషులో, గొంతెత్తి, ఎవరైనా ఎదురుగా కూర్చుని వినేటట్టు. రెండు నిమిషాలు దాటనివ్వకండి. సెలవు.