టుటు స్కర్ట్: ఏది స్టేజీకి, ఏది మన రోజువారీకి

నమస్కారం అండీ. మాట్లాడే ముందు ఒకటి చూపిస్తాను. నేను ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటున్నాను, నా స్కర్ట్ ఏం చేస్తుందో గమనించండి. చూశారా? వెనక సగం వీపు మీదికి ఎగదన్నింది, ముందు సగం మోకాళ్ల మీద పలకలా అడ్డం పడింది. బాలే డాన్సర్లు వేసుకునే నెట్ స్కర్ట్‌ని టుటు అంటారు, ఇది అందులో ప్యాన్‌కేక్ టుటు. లోపల పది పొరల నెట్, మధ్యలో గుండ్రంగా వంచిన ఒక తీగ. దీనితో నిలబడొచ్చు, తిరగొచ్చు, ఎగరొచ్చు. కూర్చోవడం మాత్రం కుదరదు. స్టేజీ పక్కన ఎదురుచూసే బాలే డాన్సర్లు కూడా ఇది నలిగిపోకుండా నిలబడే ఉంటారు.

టుటు అనగానే మనకు మనసులో మెదిలేది ఈ రూపమే. అందుకే "బావుంటుంది కానీ బయటికి ఎలా వేసుకెళ్తాం?" అని అడుగుతారు. నిజానికి టుటు ఇలా పుట్టలేదండీ. ఇదిగో, హ్యాంగర్‌కి ఉన్న ఈ పొడవాటి తెల్ల స్కర్ట్ చూడండి. మొదటిది ఇది.

1832 మార్చి 12న ప్యారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీడ్' అనే బాలే ప్రదర్శించారు. అందులో మారీ టాగ్లియోని గాలిలో తేలే ఒక అప్సరస లాంటి పాత్ర వేసింది. పిక్కల దాకా వచ్చే తెల్లటి పల్చటి బట్ట, పొరలు పొరలుగా, గంటలా విచ్చుకుని ఉండేది. కాలి మునివేళ్ల మీద నిలబడే ఆమె పాదాలు జనానికి కనపడాలంటే స్కర్ట్ చీలమండల పైకి రావాలి కదా. 1841లో వచ్చిన 'జిసెల్' బాలేలోనూ ఇదే పద్ధతి. దీన్నే ఇప్పుడు రొమాంటిక్ టుటు అంటున్నాం.

దీని అందం నిలబడితే తెలియదు. చూడండి, నేను చిన్నగా ఎగురుతున్నాను. నా కాళ్లు నేలను తాకాక, ఒక్క అర క్షణం ఆగి స్కర్ట్ దిగింది. మనిషి కంటే బట్ట ఆలస్యంగా దిగుతుంది. మనిషికి బరువే లేనట్టు అనిపించేది అందుకే. ఈ అర క్షణం కోసమే నాకు ఈ స్కర్ట్ అంటే అంత ఇష్టం. మీరు మెట్లు దిగేటప్పుడు, బస్టాపు దాకా నడిచేటప్పుడు కూడా ఇది అలాగే పని చేస్తుంది.

తర్వాత స్కర్ట్ మోకాళ్ల దగ్గరికి పాకింది. అది బెల్ టుటు. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా బొమ్మల్లో కనిపించే డాన్సర్లు దాదాపు అందరూ ఇందులోనే ఉంటారు. 1881లో ఆయన ప్రదర్శనకు పెట్టిన పద్నాలుగేళ్ల పిల్ల విగ్రహానికైతే నిజమైన బట్టతో స్కర్ట్ కట్టాడు. ఇక 1880లలో ఇటలీ నుంచి రష్యా వెళ్లిన వర్జీనియా జుక్కి లాంటి డాన్సర్లు స్కర్ట్‌ని ఇంకా కురచ చేశారు. ఒంటికాలి మీద గిరగిరా తిరిగే కష్టమైన అడుగులు వేస్తుంటే, ఆ కాళ్లు కనపడకపోతే ఎలా? అలా కురచవుతూ, బిగుసుకుంటూ వచ్చిందే ఈ ప్యాన్‌కేక్.

ఇంకోటి, పౌడర్ పఫ్ టుటు. 1950లో న్యూయార్క్‌లో నృత్య దర్శకుడు బాలన్‌షీన్ బాలే 'సింఫనీ ఇన్ సి' కోసం కాస్ట్యూమ్ డిజైనర్ కరిన్స్కా తయారు చేసింది. తీగ తీసేసి, పొరలు తగ్గించి, మెత్తగా వాలేలా కుట్టింది. తీగ ఉంటే పక్కపక్కన నిలబడ్డ డాన్సర్ల స్కర్టులు ఒకదానికొకటి తగిలి ఊగిపోతాయి. దీనితో ఆ గొడవ లేదు.

మరి రోజువారీకి ఏది? నా మాట అడిగితే రొమాంటిక్ టుటు. కురచగా కావాలంటే బెల్, లోపల మందపాటి లెగ్గింగ్స్‌తో. ప్యాన్‌కేక్‌ని స్టేజీకే ఉంచేద్దాం.

వీధిలో టుటు అంటే 'సెక్స్ అండ్ ది సిటీ' సీరియల్ గుర్తొస్తుంది. 1998లో మొదలైంది. టైటిల్స్‌లో హీరోయిన్ న్యూయార్క్ రోడ్డు మీద వేసుకు నడిచే స్కర్ట్‌ని కాస్ట్యూమ్ డిజైనర్ ప్యాట్రీషియా ఫీల్డ్ 5 డాలర్ల బుట్టలోంచి ఏరింది. 2024లో అలాంటి స్కర్టే వేలంలో 52,000 డాలర్లు పలికింది. నేను మాత్రం పైన ఏముందో చూడమంటాను. సాదా గులాబీ రంగు బనియన్ టాప్, అంతే. కింద అంత నెట్ ఉన్నప్పుడు పైన పని ఉన్న బ్లౌజు వేస్తే బర్త్‌డే గౌను అయిపోతుంది. సాదా టీషర్టు, జీన్స్ చొక్కా, నడుము దగ్గర ముడేసిన కాటన్ షర్టు, వీటిలో ఏదైనా చాలు. కాళ్లకు స్నీకర్స్ లేదా కొల్హాపురి చెప్పులు. రంగు విషయానికొస్తే బూడిద, నలుపు, నెమలికంఠం లాంటివి తీసుకోండి, ఆఫీసుకు కూడా నప్పుతాయి.

ఇప్పుడు బట్ట. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గానీ మీ ఊరి బట్టల కొట్లో గానీ "నెట్ కావాలి" అంటే ముందు లెహంగా లోపల వేసే క్యాన్‌క్యాన్ తీసి పెడతారు. అది వద్దు. నేను మొదట్లో ఆన్‌లైన్‌లో కొన్న స్కర్ట్ ఆ గట్టి నెట్‌తోనే కుట్టింది. ఒక్క సాయంత్రానికి మోకాళ్ల వెనక ఎర్రగా గీరుకుపోయింది. మనకు కావాల్సింది ట్యూల్ అనే మెత్తటి సన్న నెట్. ఫ్రాన్స్‌లో ట్యూల్ అనే ఊరి పేరే ఈ బట్టకు వచ్చింది. కొనేముందు గుప్పిట్లో నలిపి వదలండి, నెమ్మదిగా విచ్చుకోవాలి. మోచేయి లోపలి వైపు రుద్దండి, గుచ్చుకోకూడదు.

నా కొలతలతో చెప్తాను, మీవి మార్చుకోండి. హిప్ 38 ఇంచులు. 58 ఇంచుల పన్నా ఉన్న ట్యూల్ 5 మీటర్లు తీసుకుని, రెండున్నర మీటర్ల ముక్కలు రెండు చేయండి. ఒక్కో ముక్కని పొడవునా 26 ఇంచుల వెడల్పుతో రెండు పట్టీలుగా కత్తిరిస్తే మొత్తం నాలుగు పొరలు. ట్యూల్ అంచు పోగులు ఊడదు కాబట్టి మడిచి కుట్టే పని లేదు.

అసలు కిటుకు ఇక్కడుంది, దగ్గరగా చూడండి. కుచ్చులు నేరుగా నడుము దగ్గర కుడితే పొట్ట ముందుకు ఉబ్బినట్టు కనిపిస్తుంది. బాలే టుటుకి నడుము నుంచి తుంటి దాకా బిగుతుగా ఒక పట్టీ ఉంటుంది, బాస్క్ అంటారు. నెట్ దాని కింద మొదలవుతుంది. మనం కూడా సాగే లైక్రా బట్టతో 4 ఇంచుల యోక్, అంటే అలాంటి పట్టీయే, వేసి, పైన ఎలాస్టిక్ పెట్టి, కుచ్చులు యోక్ కింది అంచుకి కుడదాం. రెండు పొరలు కలిపి ఒక వరుస కుచ్చు, ఇంకో రెండు దానికి అర ఇంచు పైన. ఒకే చోట నాలుగూ కలిపితే మిషన్ సూది ఆగిపోతుంది, కుట్టు కూడా లావుగా తేలుతుంది. లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయండి, నెట్ కంటే 2 ఇంచులు పొట్టిగా. ఇదిగో, అయిపోయాక ఇలా. నడుము చదునుగా ఉంది, తుంటి దగ్గర నుంచి విచ్చుకుంది. ఇప్పుడు కూర్చుంటున్నాను. పక్కలకు సర్దుకుని ఒళ్లో పడింది, ఏ ఇబ్బందీ లేదు.

బండి మీద వెనక కూర్చునేటప్పుడు మాత్రం మొత్తం పోగుచేసి ఒళ్లో పెట్టుకోండి. చక్రంలోకి పోతే చీర కొంగు కంటే వేగంగా లాక్కుంటుంది.

ఇంకో విషయం చెప్పకుండా ఈ వీడియో ఆపలేను. మారీ టాగ్లియోని దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఉండేది, ఎమ్మా లివ్రీ. ఆ రోజుల్లో మంటలు అంటుకోకుండా స్కర్టులను ఒక ద్రావణంలో ముంచేవాళ్లు. దానివల్ల బట్ట బిరుసెక్కి రంగు మాసిపోయేది. బట్ట తేలదని ఎమ్మా వద్దంది. 1862 నవంబరులో రిహార్సల్‌లో గ్యాస్ దీపం ఆమె స్కర్ట్‌కి అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 20 ఏళ్లకే చనిపోయింది. కాలిపోగా మిగిలిన ఆ బట్ట ముక్కలు ఇప్పటికీ ప్యారిస్ ఒపేరా మ్యూజియంలో ఉన్నాయి.

మన ట్యూల్ ఎక్కువగా నైలాన్. అది కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. దీపావళికి దీపాలు పెట్టేటప్పుడు, పుట్టినరోజున కేకు మీద కొవ్వొత్తుల దగ్గర, వంటింట్లో స్టవ్ ముందు ఈ స్కర్ట్ వద్దండీ. చిన్నపిల్లలకైతే అసలే వద్దు. ఆ పూటకు కాటన్ లంగా వేయండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

ఉతకడం చల్లటి నీళ్లలో చేత్తోనే, పిండకుండా. వేడి ఇస్త్రీ పెట్టె తగిలితే చిల్లు పడుతుంది, ఆవిరి పట్టిస్తే చాలు. ఆరాక ఇలా తలకిందులుగా, అంచుకు క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. బీరువాలో అణిగిపోయిన పొరలన్నీ దాని బరువుకే తెల్లారేసరికి మళ్లీ విడివడతాయి.