బ్రైస్ కాన్యన్: రాయిని బట్టి నడక

సభకు నమస్కారం.

ఎండాకాలంలో ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే అమెరికాలో మన కుటుంబాలు వేసుకునే టూర్లలో యూటా రాష్ట్రం ఒకటి. లాస్ వేగస్‌లో దిగడం, కారు అద్దెకు తీసుకోవడం, జయన్ (Zion) జాతీయ పార్కు చూడటం, దారిలోనే కదా అని బ్రైస్ కాన్యన్ జాతీయ పార్కుకి ఓ రెండు గంటలు, ఆపైన గ్రాండ్ కాన్యన్‌కి పరుగు. ఆ రెండు గంటలు చాలవు. ఒక రాత్రి అక్కడ ఉండండి. ఎందుకుండాలో, ఎప్పుడు ఎటు నడవాలో, కాళ్లకు ఏం వేసుకోవాలో ఆ రాయే చెబుతుంది. అందుకే ముందు రాయి సంగతి.

పేరులో కాన్యన్ ఉంది గానీ అది కాన్యన్ కాదు. గండికోటకు వెళ్లినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసింది. కింద నీళ్లు, రెండు వైపులా గోడలు. బ్రైస్‌లో అలా కోసిన నదీ లేదు, ఎదురుగా రెండో గోడా లేదు. పాన్సగంట్ అనే పీఠభూమి తూర్పు అంచు విరిగి, కరిగి, వెనక్కి జరిగిపోతోంది. గుర్రపు నాడాల్లాంటి ఆ ఒంపుల్లో వేల కొద్దీ రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటినే హూడూలంటారు. కొన్ని మనిషెత్తు, కొన్ని పదంతస్తుల మేడను మించినవి. ఆ నేల అసలు వాసులైన పైయూట్ జనం వాటిని ఒకప్పటి జీవులని చెప్పుకుంటారు. వాళ్ల చెడునడత చూసి కయోటీ, అంటే ఆ కథల్లోని నక్క లాంటి దేవర, వాళ్లను రాళ్లుగా మార్చేశాడట.

ఐదు కోట్ల ఏళ్ల కిందట అక్కడ సరస్సులుండేవి. వాటి అడుగున పేరుకున్న సున్నం, ఒండ్రు గట్టిపడి రాయయింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎరుపు, నారింజ రంగులిచ్చింది. ఇక చెక్కే పని మంచుది. ఏడాదిలో దాదాపు సగం రోజులు పగలు కరుగు, రాత్రి గడ్డ. రాతి పగులులోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. ఫ్రీజర్‌లో నిండుగా పెట్టిన గాజు సీసా ఎందుకు పగులుతుందో అదీ అందుకే పగులుతుంది. మర్నాడు నీరు ఇంకొంచెం లోపలికి దిగుతుంది, రాత్రి మళ్లీ ఉబ్బుతుంది. అలా పీఠభూమి అంచు సన్నటి గోడలుగా చీలుతుంది, గోడకు కిటికీ పడుతుంది, కిటికీ పైకప్పు కూలితే రెండు పక్కలా రెండు స్తంభాలు మిగులుతాయి.

తర్వాత వాన పని. వంటింటి మార్బుల్ గట్టు మీద నిమ్మరసం ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది కదా, వాన నీటిలో ఉండే కొద్దిపాటి పులుపు సున్నపురాయిని అలాగే తింటుంది, కాకపోతే చాలా నిదానంగా. డోలమైట్ అనే రకం అంత తేలిగ్గా కరగదు. అది టోపీలా పైనుండి కింది మెత్తటి రాయిని కాపాడుతుంది. సన్‌సెట్ పాయింట్ అనే వ్యూ పాయింట్ దగ్గర కనిపించే థోర్స్ హ్యామర్ అనే హూడూకి సన్నటి మెడ మీద అంత పెద్ద తల నిలిచింది ఇందువల్లే. తిరుమల శిలాతోరణం క్వార్ట్జైట్, మహా గట్టి రాయి. బ్రైస్ రాయికి అంత ఆయుష్షు లేదు. అంచు వందేళ్లకు రెండు నుంచి నాలుగు అడుగులు వెనక్కి పోతుంది. 2006లో వాల్ స్ట్రీట్ అనే ఇరుకు సందులో పెద్ద బండలు కూలి దారి మూతపడింది. చలికాలంలో ఆ సందును ఏటా మూసేది కూడా రాళ్లు రాలతాయనే.

ఇక మీ పాదాల సంగతి. కాలిబాట మీది మట్టి పిడికెడు తీసి చూడండి. శనగ గింజంత, కందిపప్పంత రాతి ముక్కలు. హూడూ నుంచి రాలిన రాయి అదే. గట్టి వాలు మీద ఆ పలుకులు బేరింగ్ గుండ్లలా దొర్లుతాయి. ఆ పార్కులో దెబ్బలకు ముఖ్య కారణం సరైన బూట్లు లేకపోవడమే. చెప్పులు, క్రాక్స్, అడుగు నున్నగా అరిగిన వాకింగ్ షూస్ వద్దు. లోతైన గాడులున్న సోలు, చీలమండను పట్టి ఉంచే బూటు కావాలి. మోకాళ్లు బలహీనమైతే రెండు చేతికర్రలు తీసుకోండి. కాలు జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

అందుకే నడిచే దిక్కు ముఖ్యం. ఒక్క నడకే చేయగలిగితే క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ అనే రెండు కాలిబాటలు కలిపి చేయండి. సుమారు మూడు మైళ్లు, ఆరు వందల అడుగుల దిగుడు, అంతే ఎక్కుడు, రెండు మూడు గంటలు. సన్‌రైజ్ పాయింట్ దగ్గర దిగండి, వాలు తక్కువ. కింద చెట్ల మధ్య నుంచి నవాహో దారి అందుకుని నిటారు మలుపులు ఎక్కుతూ సన్‌సెట్ పాయింట్‌కి రండి. అక్కడి నుంచి అంచు వెంట అర మైలు నడిస్తే మొదలుపెట్టిన చోటే. తిరగేసి వెళితే ఆ నిటారు వాలు, ఆ దొర్లే రాళ్ల మీద దిగాల్సి వస్తుంది.

అలిపిరి మెట్లెక్కిన మాకు ఆరు వందల అడుగులొక లెక్కా అనుకోవద్దు. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. ఇక్కడ నడక మొదలయ్యేదే 8,000 అడుగుల దగ్గర, ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే. పైగా తిరుమలలో ముందు ఎక్కుతాం, తర్వాత విశ్రాంతి. ఇక్కడ ముందు హాయిగా దిగి, అలిసిపోయాక ఎక్కాలి. మనిషికి కనీసం లీటరు నీళ్లు, ఎండాకాలమైతే లీటరున్నర. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా కిందికి వెళ్లకుండా వెనక్కి తిరగండి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి.

పెద్దవాళ్లు కిందికి దిగకపోయినా లోటేమీ లేదు. సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అర మైలు చదునైన, గట్టి బాట ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. వేసవిలో ఉచిత షటిల్ బస్సు నడుస్తుంది. కారులో వెళితే ఆగకుండా 18 మైళ్లు చివరి రెయిన్‌బో పాయింట్ దాకా పోయి, తిరుగు ప్రయాణంలో చూసుకుంటూ రండి. వ్యూ పాయింట్లన్నీ తూర్పు వైపే, తిరుగు దారిలో కుడి చేతికొస్తాయి.

వెలుగు విషయంలో చాలామంది పొరపడేది ఒకటుంది. సన్‌సెట్ పాయింట్ అన్న పేరు చూసి సాయంత్రం అక్కడ గుమిగూడతారు. ఆ ఒంపు తూర్పు ముఖం. సూర్యుడు మీ వీపు వెనక దిగుతాడు, ఎదుటి హూడూలన్నీ నీడలోకి పోతాయి. చూడాల్సింది తెల్లవారుజామున. బ్రైస్ పాయింట్‌కి సూర్యోదయానికి అరగంట ముందు చేరండి. వాలు కిరణం ఒక హూడూకి తగిలి ఎదుటి హూడూ మీద పడుతుంది. రాయి లోపల దీపం పెట్టినట్టుంటుంది. జూన్‌లో సూర్యోదయం ఆరు దాటగానే. లాస్ వేగస్ నుంచి వచ్చేవాళ్లు గడియారం గంట ముందుకు జరపాలన్నది మరవకండి, యూటా టైమ్ వేరు. చలికోటు జూన్‌లోనైనా ఉండాలి.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు ఉరుములు. అంచు మీద ఎత్తయినది మీరే అవుతారు. ఉరుము వినిపించగానే ఇనప కమ్మీలు వదిలి కారులోకి వెళ్లిపోండి, చెట్టు కిందికి కాదు. ఫొటో కోసం బాట దాటి వాలు మీదికి పోవడమూ వద్దు. ఆ అంచు కింద రాయి ఉందో, ఉత్త మట్టి పెళ్లలే ఉన్నాయో పైనుంచి తెలియదు, మీ అడుగుకు విరిగినది మళ్లీ అతకదు.

ఒక రాత్రి ఉండమన్నది ఆకాశం కోసం కూడా. 2019లో బ్రైస్‌కి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది. మీ ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే తేదీ అందులో చూసుకోండి. పాలపుంత కావాలంటే అమావాస్యకు దగ్గరగా, వెన్నెల్లో హూడూలు కావాలంటే పున్నమికి. పున్నమి నడకలకు పార్కు సిబ్బంది అయిన రేంజర్లు లాటరీ వేసి కొద్దిమందినే తీసుకెళతారు. పేరు వచ్చినా సరే, గాడులున్న బూట్లు లేనివాళ్లకు ఆ నడకలో చోటుండదు.