పెళ్లి క్యాసెట్ డీవీడీకి ఎక్కిస్తే పెదాలకీ మాటకీ ఎందుకు పొంతన ఉండదు?

(టేబుల్ మీద వీసీఆర్, పక్కనే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు, అంటే వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి పంపేది)

క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. గంట దాటేసరికి పంతులుగారి నోరు మూతపడ్డాక మంత్రం వినిపిస్తుంది. వెంటనే "కార్డు చీప్‌ది" అనుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఇంకోటి కొంటారు. అదీ అంతే చేస్తుంది. తప్పు కార్డుది కాదండీ, టేపు మీంచి వచ్చే సిగ్నల్ టైముది.

ఎంసెట్ సెంటర్ గేటు గుర్తుందా? నిమిషం లేటైతే లోపలికి రానిచ్చేవారు కాదు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ సిగ్నల్‌లో బొమ్మలోని ఒక్కో అడ్డగీత 64 మైక్రోసెకన్లకోసారి రావాలి. 625 గీతలు ఒక ఫ్రేమ్ (ఒక పూర్తి బొమ్మ), సెకనుకు 25 ఫ్రేములు. ఏళ్లతరబడి బీరువాలో ఉన్న టేపు సాగి ఉంటుంది. కొన్ని గీతలు ముందొస్తాయి, కొన్ని వెనకబడతాయి.

పాత డబ్బా టీవీ వీధి ట్యూషన్ మాస్టారు లాంటిది, ఆలస్యంగా వచ్చినా కూర్చోబెట్టుకునేది. అందుకే అందులో బొమ్మ బాగుండేది. క్యాప్చర్ కార్డు మాత్రం ఎంసెట్ గేటు. టైముకు రాని ఫ్రేమును బయటే వదిలేస్తుంది. ఆడియో వేరే గేటులోంచి మొత్తం వెళ్లిపోతుంది. 100 ఫ్రేములు పోయాయంటే బొమ్మ 4 సెకన్లు ముందుకెళ్లినట్టే.

మరి పిల్లల్ని టైముకు చేర్చేదెవరు? హాస్టల్ వార్డెన్. అందరినీ వరుసలో నిలబెట్టి తీసుకొస్తాడు. ఇక్కడ ఆ వార్డెన్ టైమ్ బేస్ కరెక్టర్, అంటే టీబీసీ. కొన్ని ఎస్-వీహెచ్ఎస్ (మెరుగైన రకం) వీసీఆర్లలో లోపలే ఉంటుంది. విడిగా కొనాలంటే ఖరీదెక్కువ. దానికి బదులు పానసోనిక్ ఈఎస్10 లాంటి పాత డీవీడీ రికార్డర్‌ని మధ్యలో పెట్టండి. వీసీఆర్ నుంచి అందులోకి, అందులోంచి ఎస్-వీడియో కేబుల్‌తో కార్డులోకి. డిస్క్ పెట్టక్కర్లేదు, సిగ్నల్ దాని గుండా పోతే చాలు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, కొత్త కార్డు మీద కాదు.

వార్డెన్ ఉన్నా పిల్లాడికి జ్వరమైతే కష్టమే. క్యాసెట్ కిటికీలోంచి చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. అస్సలు వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్లకీ పాకుతుంది. బాగున్న క్యాసెట్‌నైనా ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ కొట్టి రివైండ్ చేయండి, చుట్టలు సర్దుకుంటాయి. హెడ్ తుడవాలంటే ప్లగ్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామీ తోలును (మెత్తటి తోలు గుడ్డ) హెడ్ ఉండే గుండ్రటి డ్రమ్ముకి ఆనించి పట్టుకోండి. తిరగాల్సింది డ్రమ్ము, చేత్తో మెల్లగా తిప్పండి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది. ఇయర్ బడ్స్ దూది వద్దు, పోగులు చిక్కుకుంటాయి.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. క్యాప్చర్ చేసే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్‌లో సైజు 720x576, సెకనుకు 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్. నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ ఫార్మాట్‌లో గంటకి 30 నుంచి 40 జీబీ పడుతుంది. కార్డుని హబ్‌కి కాకుండా నేరుగా పోర్టుకే పెట్టండి. డ్రాప్డ్ ఫ్రేముల అంకె పెరుగుతుంటే ఆపేసి, వార్డెన్ సంగతి చూడండి.

టేపు మీద ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలై ఉంటుంది, దాన్నే ఇంటర్లేస్డ్ అంటారు. ఆ సగాల్ని కలిపేసే డీఇంటర్లేస్ చేయొద్దు, డీవీడీ ఇంటర్లేస్డ్ వీడియోనే తీసుకుంటుంది. 4.7 జీబీ డిస్క్‌లో 2 గంటలకి ఆడియోతో కలిపి 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) పెట్టొచ్చు. 3 గంటల క్యాసెట్‌ని ఒక్క డిస్క్‌లో కుక్కితే పూలదండలన్నీ గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. రెండు డిస్కులు చేయండి.

బర్న్ కొట్టే ముందు ఫైల్లో చివరి 10 నిమిషాలు, అంటే అప్పగింతలు, చూడండి. అక్కడ మాట పెదాలతో కలిసిందంటే ఫ్రేములన్నీ గేటు దాటినట్టే.