డిజిటల్ పియానోలో పాదంతో పిచ్ బెండ్

[దృశ్యం: మీటలపై రెండు చేతులు, ఎక్స్‌ప్రెషన్ పెడల్‌పై ఎడమ పాదం.]

తీగల పియానోలో మీట నొక్కగానే సుత్తి తీగను కొట్టి వెనక్కు వచ్చేస్తుంది. తీగ బిగింపు మారదు కనుక ఆ తరువాత ఎంత ప్రయత్నించినా స్వరం పైకి గానీ కిందికి గానీ జారదు. డిజిటల్ పియానోకు ఆ నిర్బంధం లేదు. సింథసైజర్‌లో మీటలకు ఎడమ పక్కన ఉండే చక్రం చేసే పనిని, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్‌ను, రెండు చేతులూ మీటలపైనే ఉంచి, పాదంతో చేయించవచ్చు.

[శబ్దం: ఒకే స్వరం మెల్లగా పైకి జారుతుంది.]

ఇప్పుడు మీరు విన్న స్వరం 440 హెర్ట్జ్ దగ్గర మొదలై సుమారు 494 హెర్ట్జ్ వరకు, అంటే రెండు సెమిటోన్ల ఎత్తుకు వెళ్లింది (పక్కపక్కనే ఉన్న రెండు మీటల మధ్య దూరం ఒక సెమిటోన్). స్వరాన్ని నిలిపి ఉంచే మామూలు సస్టెయిన్ స్విచ్‌కు నొక్కిన స్థితి, వదిలిన స్థితి తప్ప మధ్య మెట్లు ఉండవు కాబట్టి ఈ నునుపైన జారు దానితో రాదు. పాదం ఎంత వంగిందో కొలిచి చెప్పే ఎక్స్‌ప్రెషన్ పెడల్ కావాలి. కొన్ని పియానోల సెట్టింగులలో పెడల్‌కు పిచ్ బెండ్‌ను నేరుగా కేటాయించవచ్చు. ఆ సదుపాయం లేనప్పుడు పెడల్ పంపే మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిజిటల్ భాష) సందేశాన్ని కంప్యూటర్‌లో పిచ్ బెండ్‌గా మార్చుకోవాలి.

ఎక్కువ మంది తడబడేది ఈ మార్పిడి దగ్గరే. పెడల్ విలువలు 0 నుంచి 127 వరకు, పిచ్ బెండ్ విలువలు 0 నుంచి 16383 వరకు ఉంటాయి. స్వరం అసలు స్థానంలో ఉండేది 8192 దగ్గర. అందువల్ల మడమ వైపు 8192, వేళ్ల వైపు 16383 వచ్చేలా అమర్చాలి. మడమ వైపు 0 వచ్చిందంటే, పెడల్‌ను ముందుకు నొక్కకముందే ప్రతి మీటా రెండు సెమిటోన్లు తగ్గి పలుకుతుంది. బెండ్ పరిధిని కూడా రెండు సెమిటోన్లకే ఉంచమని నా సలహా. అప్పుడు పెడల్‌లోని ఒక్కో మెట్టు సుమారు 1.6 సెంట్లే (సెంట్ అంటే సెమిటోన్‌లో నూరో వంతు) కనుక జారు నునుపుగా వినిపిస్తుంది. పరిధిని ఒక ఆక్టేవ్‌కు, అంటే 12 సెమిటోన్లకు పెంచితే ఒక్కో మెట్టు 9 సెంట్లు దాటి, స్వరం మెట్లెక్కుతున్నట్టు తెలిసిపోతుంది.

పిచ్ బెండ్ ఆ మిడి ఛానెల్‌లో (సందేశాలు వెళ్లే మార్గంలో) మోగుతున్న స్వరాలన్నింటికీ వర్తిస్తుంది. ఎడమ చేతి కార్డ్ కూడా కదిలిపోకూడదంటే కీబోర్డును స్ప్లిట్ చేసి, అంటే రెండు భాగాలుగా విడదీసి, కుడి భాగానికే బెండ్ ఇవ్వాలి. పియానో టోన్‌కు ఈ జారు అంతగా నప్పదు గానీ, ఫ్లూట్, శాక్సఫోన్, వయొలిన్ టోన్లకు ప్రాణం పోస్తుంది.

[దృశ్యం: పాదం దగ్గరగా, మడమ పూర్తిగా ఆనే వరకు.]

చక్రాన్ని వదిలితే స్ప్రింగ్ దానిని మధ్యకు తెస్తుంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ మాత్రం సాధారణంగా వదిలిన చోటే నిలిచిపోతుంది. మడమ కాస్త ఆనకపోయినా తరువాతి స్వరం అపశ్రుతిగా మొదలవుతుంది. దీనికి నేను రోజూ చేసే సాధన చూడండి. సి మీట నొక్కి, పెడల్‌తో డి వరకు జార్చండి. వేళ్లు తీసి, మడమ పూర్తిగా ఆనించి, అప్పుడు డి మీట నొక్కి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని వినండి. మడమ దించకుండానే డి నొక్కితే మీకు వినిపించేది ఇ.

[శబ్దం: సి నుంచి డి వరకు జారు, విరామం, విడిగా డి.]