క్యాను మూతతో కుస్తీ

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. చల్లని పానీయాలు వచ్చే అల్యూమినియం క్యాన్లు మీకు తెలిసినవే. పైన రింగు ఉంటుంది. దాన్ని ఎత్తితే టప్‌మని చిన్న నోరు తెరుచుకుంటుంది. ఆ చిన్న నోరు చాలదని, మూత మొత్తాన్ని గుండ్రంగా కోసి తీసేసే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాన్ని క్యాను మీద బోర్లించి, రెండు పిడులనూ దగ్గరికి నొక్కి, అటూ ఇటూ తిప్పితే మూత ఊడి వస్తుందట. క్యానే గ్లాసు అయిపోతుందట. ప్రకటనలో చూడాలి ఆ ముచ్చట! నవ్వుతూ నొక్కుతారు, నవ్వుతూ తిప్పుతారు, నవ్వుతూ తాగుతారు.

కొన్నవాళ్లలో చాలామందికి ఆ నవ్వు నొక్కేదాకానే ఉంటోంది.

మా బావమరిది ఒకటి కొన్నాడు. కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు అతని చేతికి రావలసిందే. ఇంటికి నలుగురూ వచ్చిన రోజు చూసి జేబులోంచి తీశాడు. "బావగారూ, ఇక గ్లాసులు కడిగే బాధ తప్పింది" అన్నాడు. గ్లాసులు కడిగేది అతను కాదు, అది వేరే సంగతి. అందరం బల్ల చుట్టూ చేరాం. క్యానును నడిమధ్య పెట్టి, పరికరాన్ని మూత మీద కూర్చోబెట్టాడు. కాస్త వదులుగా కదులుతోంది. "సరిగ్గా కూర్చున్నట్టు లేదోయ్" అన్నాను. "నొక్కితే పట్టేస్తుంది, మీరు చూస్తూ ఉండండి" అన్నాడు.

నొక్కాడు. సుయ్‌మని గ్యాసు పోయింది. తుంపర లేచి చొక్కా మీద పడింది. ఇంత మాత్రానికి వెనక్కి తగ్గే మనిషి కాదు. తిప్పడం మొదలుపెట్టాడు. కరకరమని తెగుతున్న చప్పుడు వినిపించింది. సగందాకా బాగానే నడిచింది. అందరి ముఖాల్లోనూ మెచ్చుకోలు కూడా వచ్చింది. అక్కడినుంచి పరికరం తిరుగుతోంది గాని మూత తెగడం లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఈసారి పరికరంతోపాటు క్యానూ తిరగసాగింది. తిరగకుండా ఎడమచేత్తో నడుము దగ్గర బిగించి పట్టుకున్నాడు. బిగించి పట్టుకుంటే నడుము లొట్టపోయింది. లొట్టపోయేసరికి లోపలిది పైకి పొంగి బల్లంతా పారింది.

"వదిలెయ్యవోయ్, రింగు ఎత్తుకుని తాగేద్దాం" అన్నాను.

"ఇంకొక్క చుట్టు, బావగారూ!"

ఆ ఒక్క చుట్టుతో మూత ఒక పక్క తెగి, ఇంకో పక్క అతుక్కుని, మధ్యకు మడతపడి పానీయంలోకి దిగిపోయింది. వేలు పెట్టి లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. పట్టకారు తెచ్చి మెలితిప్పితే గాని ఊడలేదు. మిగిలిన నాలుగు గుక్కలూ గ్లాసులో వంపాం. ఆ గ్లాసు నేనే కడిగాను.

ఇంట్లో అందరూ అది అతని చేతకానితనం అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. తప్పు చేతిది కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే: తప్పు చేతిది కాదు. ఆ చేతికి మనం ఏ పని అప్పజెప్పామో ఒకసారి చూడండి.

క్యాను పక్కగోడ మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉంటుంది. అంత పల్చటి రేకు గట్టిగా ఎలా నిలబడుతోంది? లోపలి గ్యాసు దాన్ని బయటికి నెడుతూ ఉంటుంది కాబట్టి. మూత తీయని క్యానును నొక్కి చూడండి, మీ బొటనవేలు దిగదు. తాగేసిన క్యానును ఒక్క చేత్తో నలిపి పారేస్తారు. రేకు అదే, లోపల ఒత్తిడి ఉంటే ఒకలాగ, పోతే ఇంకోలాగ.

మూత అలాంటిది కాదు. మూత బల్లపరుపుగా ఉండాలి, లోపలి ఒత్తిడికి ఉబ్బకుండా నిలబడాలి. అందుకని దాన్ని గోడకంటే రెండింతలకు పైగా మందంగా చేస్తారు. లోహం కూడా వేరే. రెండూ అల్యూమినియమే అయినా మూతలో మెగ్నీషియం శాతం ఎక్కువ, దానివల్ల అది ఇంకా గట్టిపడుతుంది.

ఇక మూతా గోడా కలిసేచోటు. దీన్ని రేడియోలో చూపించలేను కాబట్టి మీ చేతులే అరువడుగుతాను. రెండు చేతుల వేళ్లనూ కొక్కేల్లా వంచి, ఒకదానిలో ఒకటి తగిలించి బయటికి లాగండి. ఊడవు కదా! మూత అంచూ గోడ అంచూ అలాగే ఒకదానిలో ఒకటి మెలిపడి ఉంటాయి. ఆ మెలికను యంత్రం గట్టిగా అదిమేస్తుంది. డబుల్ సీమ్ అంటారు దాన్ని. అక్కడ అడ్డంగా కోసి చూస్తే మూతవి మూడు పొరలు, గోడవి రెండు పొరలు, మొత్తం అయిదు పొరలు. సందుల్లోంచి గ్యాసు పోకుండా మధ్యలో రబ్బరులాంటి పూత కూడా ఉంటుంది.

మన పరికరం బ్లేడ్లు పనిచేసేది ఆ అంచుకు లోపలివైపున, దానిని ఆనుకునే. అంటే కోయవలసింది గట్టి చోట. పట్టుకోవలసింది మెత్తని చోట. పైగా మొదటి గాటు పడగానే గ్యాసు పోతుంది, మెత్తని చోటు ఇంకా మెత్తబడుతుంది. కోయవలసింది గట్టి చోట, పట్టుకోవలసింది మెత్తని చోట! మా బావమరిదే కాదు, చేతిపని బాగా వచ్చినవాళ్లయినా ఇక్కడ ఇబ్బంది పడతారు.

మరి రింగు ఎత్తితే అంత సులువుగా ఎలా తెరుచుకుంటోంది అంటారా? ఆ చిన్న నోటి ఆకారంలో ఫ్యాక్టరీలోనే గీత గీసి పంపిస్తారు. గీత పొడవునా లోహం పల్చగా ఉంటుంది. రింగు చేసేదల్లా ఆ గీతను పగలగొట్టడమే. అంచు చుట్టూ అలాంటి గీత లేదు. బ్లేడే గీత పెట్టాలి, బ్లేడే కోయాలి. కాస్త పక్కకు జరిగిందా, రెండో చుట్టులో పాత గాడిలో పడదు, పక్కన కొత్త గాడి చేస్తుంది. రెండు గాడుల మధ్య మిగిలిన సన్నటి పీలికే ఆ తర్వాత ములుకై నిలబడేది.

వదులుగా కూర్చుందన్నాను గుర్తుందా? దానికీ కారణం ఉంది. క్యాన్ల మూతలన్నీ ఒకే కొలతలో ఉండవు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే కొలతను పరిశ్రమలో 202 అంటారు. మొదటి అంకె అంగుళాలు, తర్వాతి రెండు అంకెలూ అంగుళంలో పదహారో వంతులు. అంటే 2 అంగుళాల మీద పదహారింట 2 వంతులు, దాదాపు 54 మిల్లీమీటర్లు. పూర్వం 206 ఉండేది, అంతకుముందు 209, ఇంకా ముందు 211. కొన్ని సన్నపాటి క్యాన్లకు 200 కూడా ఉంది. ఎందుకలా తగ్గించుకుంటూ వచ్చారు? మూత లోహం మందం, ఖరీదు. మూత చిన్నదయితే లోహం మిగులుతుంది. అందుకే క్యాను మెడ దగ్గర సన్నబడి ఉంటుంది. తయారుచేసేవాళ్లు మూతను ఏళ్ల తరబడి చిన్నది చేసుకుంటూ వస్తుంటే, మనం ఆ మూతనే కోసేసి పెద్ద నోరు కావాలంటున్నాం!

నాకు నవ్వు తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. సమయం తక్కువ కాబట్టి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1935 జనవరిలో అమెరికాలోని రిచ్‌మండ్‌లో మొదటిసారి బీరును క్యాన్లలో అమ్మారు. ఆ ఉక్కు క్యాన్లకు పనిముట్టుతో రెండు రంధ్రాలు పొడవవలసి వచ్చేది, తాగడానికి ఒకటి, గాలి పోవడానికి ఒకటి. 1960ల మొదట్లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు చెందిన ఎర్మల్ ఫ్రేజ్, లాగితే ఊడివచ్చే రింగు కనిపెట్టాడు. ఊడిన రింగులను జనం ఎక్కడపడితే అక్కడ పారేశారు, కాళ్లు కోసుకున్నారు. 1975లో, ఎత్తినా క్యానుకే అంటిపెట్టుకుని ఉండే రింగు బజారుకొచ్చింది. అంటే క్యాను తెరవడానికి పనిముట్టు అక్కర్లేకుండా, ఊడిన ముక్కా మిగలకుండా చేయడానికి 40 ఏళ్లు పట్టింది. ఇప్పుడు డబ్బిచ్చి పనిముట్టునూ, ఊడిన ముక్కనూ రెండింటినీ వెనక్కి తెచ్చుకుంటున్నాం.

అలాగని పెద్ద నోరు కావాలన్న కోరికను వెక్కిరించను. అందులో న్యాయం ఉంది. వాసన ముక్కుకు అందకపోతే రుచి సగం తెలియదు, జలుబు చేసినప్పుడు అందరం చూసేదే. క్యాను చిన్న నోటికి పెదవులు ఆనించగానే అది మూసుకుపోతుంది, ముక్కుకు ఏమీ మిగలదు. నోరు పెద్దదయితే వాసన వస్తుంది, నిజమే. 2021లో జపాన్‌లో అసాహి సంస్థ మూత మొత్తం ఊడివచ్చే బీరు క్యాను తెచ్చింది. గ్లాసులో పోసినట్టు నురగ రావడానికి క్యాను లోపలి గోడకు కంటికి కనిపించని గుంటలతో పూత కూడా వేశారు. జనం ఎగబడితే సరుకు చాలక కొన్నాళ్లు అమ్మకం ఆపవలసి వచ్చింది. కోరిక అంత బలమైనది. కాని అక్కడ మూత చుట్టూ గీత ఫ్యాక్టరీలోనే పడింది, పెదవికి తగిలే అంచు కోసుకోకుండా చూసే పని కూడా అక్కడే జరిగింది. మనింట్లో, మామూలు క్యాను మీద, ఈ రెండు పనులూ రెండు పిడులతో జరగాలి.

మూత లోపలికి పడిపోవడం నాకు బొత్తిగా నచ్చని సంగతి. మూత పైభాగం ఎన్ని చేతులు తాకిందో, ఏ గోదాములో దుమ్ము పట్టిందో మనకు తెలియదు. మామూలుగా తాగినా పెదవి ఆ అంచుకు తగలక మానదు, కనుక ఎలాగూ కడగాలి. పరికరం వాడినప్పుడు మూత లోపల పడితే మాత్రం ఆ పైభాగమంతా పానీయంలో మునుగుతుంది. కడగకుండా ఈ పనికి దిగవద్దు.

ఇంతా విని, "మా ఇంట్లో ఆల్రెడీ ఉందండీ, కొనేశాం" అనేవాళ్లుంటారు. వాళ్లకోసం ఒక్క పని చెబుతాను. అది చేసి చూడండి, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

మామూలు సోడా క్యాను ఒకటి తీసుకోండి. బాగా చల్లబరచండి, చల్లగా ఉంటే గ్యాసు లోపలే కరిగి ఉంటుంది, పొంగు తగ్గుతుంది. కదపకుండా తెచ్చి సింకులో పెట్టి మూత కోయండి. మూత తీశాక అంచును వేలితో తడమకండి. చిన్న దూది ఉండ తీసుకుని అంచు చుట్టూ మెల్లగా తిప్పండి, లోపలి వైపు ఒకసారి, పైన ఒకసారి. దూది పోగు ఎక్కడ చిక్కుకుందో అక్కడ ములుకు ఉన్నట్టు. మన కంటికి కనిపించనిది దూదికి తెలుస్తుంది. ఒక్క చోట చిక్కుకున్నా ఆ క్యానుకు పెదవి పెట్టవద్దు. లోపల లోహపు రజను పడి ఉండవచ్చు, ఆ సోడా పారబోసెయ్యండి. రెండు మూడు క్యాన్లు ఇలా చూశాక కూడా దూది చిక్కుకుంటూనే ఉందంటే బ్లేడు మొండిదన్నా అయి ఉండాలి, లేదా మీ క్యాను కొలతకు అది సరిపోనిదన్నా అయి ఉండాలి. వెనక్కి తీసుకుంటామన్న గడువు ఉంటే ఆ గడువులోనే తిరిగి ఇచ్చేయండి. చిక్కుకోలేదనుకోండి, మంచిదే, వాడుకోండి. పిల్లలకు మాత్రం కోసిన క్యాను చేతికివ్వకండి. వాళ్లకు గ్లాసులోనే పోయండి. నన్నడిగితే పెద్దవాళ్లకూ గ్లాసులోనే పోయమంటాను. వాసన కావాలంటే అంతకన్నా పెద్ద నోరు ఏముంది?

ఊడిన మూతను విడిగా చెత్తబుట్టలో వేయకండి. ఖాళీ క్యానులోనే వేసి, క్యానును పక్కకు పడుకోబెట్టి చెప్పుకాలితో అదిమేయండి. నోరు మూసుకుని మూత లోపలే ఉండిపోతుంది. చెత్త ఏరేవాళ్ల చేతులు తెగవు, రెండూ కలిసే కొలిమికి పోతాయి.

సెలవు. నమస్కారం.